మీ డ్రైవర్ పోయాడమ్మా

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. ముక్కూ మొహం తెలియని మనిషెవరో ఎదురుగా కూర్చుని, వాన పడుతోందని చెప్పినంత మామూలుగా, "మీ ఆయన పోయాడమ్మా" అని చెప్పడం.

లారీ డ్రైవర్‌ని ప్రేమించి పెళ్లి చేసుకున్న రోజు నుంచీ ఆ భయం ఆమె పక్కలోనే పడుకుంటోంది. పాప పుట్టాక అది ఇంకా ఒళ్లు చేసింది.

ఇప్పుడు అతని కబురు లేక మూడు రోజులు. ఆమె ఫోన్‌కి పాప నీళ్ల బకెట్లో స్నానం చేయించి రెండు వారాలైంది. అప్పటి నుంచీ మొగుడూ పెళ్లాల మధ్య మిగిలిన దారి పాత ల్యాప్‌టాప్ ఒక్కటే. తొమ్మిదో తరగతిలో ఆగిపోయిన చదువు మళ్లీ మొదలుపెట్టమని అతనే కొని తెచ్చాడు. రోజూ నాలుగింటికి ఏదో రోడ్డు పక్కన బండి ఆపుకుని అందులోకే వీడియో కాల్ చేసేవాడు.

"ఏం పంతులమ్మా, ఇవాళ ఎన్ని లెక్కలు తప్పాయి?"

"నువ్వు రాని రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నా. అదొక్కటే కరెక్టుగా వచ్చింది."

మూడు రోజుల కిందటి ఆ ఆఖరి కాల్ కూడా సరదాగానే మొదలైంది. చివర్లో చెడింది.

"ఇంకో లోడ్ వేశారు. వచ్చే వారం వచ్చేస్తా."

"పోయిన వారం కూడా వచ్చే వారమనే అన్నారు."

"అన్నారా? బాబోయ్, 'మీరు'లోకి వెళ్లిపోయావా?"

ప్రేమగా ఉంటే 'నువ్వు', కోపమొస్తే 'మీరు'. ఆ మాటని బట్టే అతను ఆ పూట గొడుగు పట్టుకోవాలో లేదో తెలుసుకుంటాడు.

"మీకు లారీయే ఇల్లు. మీరింక ఈ ఇంటికి రాకండి."

అనేసింది. అనేసి, "ఊరికే అన్నాలే" అనబోయేలోగా తెర నీలంగా మారి మధ్యలో ఒక చక్రం తిరగడం మొదలైంది. వారం రోజులుగా అప్‌డేట్, అప్‌డేట్ అని సతాయిస్తున్న ల్యాప్‌టాప్ సరిగ్గా అప్పుడే తనంతట తాను ఆగిపోయింది. అరగంటకి మళ్లీ వెలిగింది గానీ, కింది మూలన ఉండే వైఫై గుర్తు లేదు. దాని చోట బూడిద రంగు గుండ్రటి బొమ్మ ఒకటి, మూసిన కన్నులా.

అవతల అతనికి ఏమనిపించి ఉంటుంది? రావద్దని, మొహం మీదే కట్ చేసిందని.

మర్నాడు కింద వాటాలో ఉండే ఇంటావిడ ఫోన్ అడిగి అతనికి చేసింది. పరిధిలో లేడన్నారు. ఆ పైరోజు మూడింటికి చేస్తే మోగింది. మోగీ మోగీ ఆగింది. ఎత్తలేదు. సాయంత్రం కూడా అంతే.

"మోగుతోందంటే మనిషి ఉన్నట్టేలేవే," అంది ఇంటావిడ.

"ఎత్తడం లేదంటే?"

ఇంటావిడ చటుక్కున టీవీ కట్టేసింది. కానీ అప్పటికే వినపడిపోయింది. ఎక్కడో కొండ దారిలో, వానలో, లారీ ఒకటి లోయలో పడిందట. డ్రైవర్ ఆచూకీ తెలియలేదట.

నాలుగో రోజు మధ్యాహ్నం రిపేరు షాపు వైరు బాబాయ్ వచ్చాడు. మెళ్లో ఎప్పుడూ రెండు మూడు వైర్లు వేలాడేసుకుంటాడు కాబట్టి ఆ పేరు. ఆయనకో అలవాటుంది. యంత్రాల గురించి చుట్టాల గురించి మాట్లాడినట్టు మాట్లాడతాడు.

"ఏదీ పేషెంటు?" అంటూ కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాడు. "అబ్బో, బ్యాటరీ ముసలమ్మ అయిపోయిందే! చేతికర్ర, అదే ఈ ఛార్జర్, తీస్తే పది నిమిషాలు కూడా నిలబడదు. ఫ్యాన్‌గారికి ఉబ్బసం. సరే, వైఫై సంగతి చూద్దాం."

ఆమె పాపని చంకనేసుకుని వెనకాల నిలబడింది. బయట వాన ఆగకుండా, గొంతు పెంచకుండా కురుస్తోంది. గదిలో మధ్యాహ్నమే మసక.

"ఫ్లైట్ మోడ్‌లో లేదు... కింద ఇంటావిడ వైఫై డబ్బా బానే వెలుగుతోంది... మరి రోగమెక్కడ?" ఆయన లోపలి జాబితా ఏదో తెరిచాడు. ఒక వరస పక్కన చిన్న పసుపుపచ్చ త్రికోణం. నాలుక చప్పరించాడు.

"అనుకున్నా. మీ డ్రైవర్ పోయాడమ్మా."

పాప బరువు చేతుల్లో తెలియడం మానేసింది.

"ఎప్పుడు?" అంది. తన గొంతు తనకే పక్క గదిలోంచి వినిపించింది.

"అప్‌డేట్ రోజే పోయుంటాడు," అన్నాడాయన తెర మీంచి కళ్లు తిప్పకుండా. "మూడు రోజులై ఉంటుంది. కంగారు పడకు, మామూలే. ఈ వారంలో ఇది నాలుగోది."

"మీకు... ఎవరు చెప్పారు?"

"చెప్పేదేముంది, కనపడుతూనే ఉందిగా. పాతవాణ్ణి తీసేసి కొత్త డ్రైవర్ని పెట్టేస్తా. పావుగంట పని. కొత్తవాడొస్తే నువ్వు పాతవాణ్ణి తలుచుకోను కూడా తలుచుకోవు."

దబ్బున శబ్దమైంది. ఆయన తిరిగి చూసేసరికి ఆమె గోడకి జారబడి నేల మీద కూర్చుని ఉంది. పాపని మాత్రం వదల్లేదు. కళ్లలో నీళ్లు లేవు, చూపూ లేదు.

"అమ్మాయ్! ఏమైందమ్మా?"

"మా ఆయన డ్రైవర్ బాబాయ్," అంది.

వైరు బాబాయ్ రెండు చేతులతో చెంపలు వాయించుకున్నాడు.

"నా నోరు పడ! డ్రైవరంటే మనిషి కాదే తల్లీ! వైఫై ముక్కని నడిపించే సాఫ్ట్‌వేర్, దాని పేరే డ్రైవర్. అప్‌డేట్‌లో చెడిపోయింది. పోయాడు కాదు, పోయింది! అది, అది! ఛీ, నా వెధవ సరసం."

ఆమె అప్పుడు ఏడ్చింది. ఆయన పాపని ఎత్తుకుని, వైరు ఒకటి చేతికిచ్చి ఆడిస్తూ, ఆమె ఏడుపు అయ్యేదాకా ఓపిగ్గా వాన చూశాడు. మూడు రోజుల సంగతీ విన్నాడు. ఆ తర్వాత ఇంక ఒక్క జోకూ వెయ్యలేదు.

తన ఫోన్‌ని వైరుతో ల్యాప్‌టాప్‌కి తగిలించి, దాని నెట్‌తో ఆ కంపెనీ సైట్ తెరిచాడు. పాత డ్రైవర్‌ని తీసేశాడు. సరైనది దింపి ఎక్కించాడు. ఫోన్ ఊడదీసి, ల్యాప్‌టాప్‌ని ఆపి మళ్లీ వేశాడు.

మూసిన కన్ను తెరుచుకున్నట్టు, మూలన వైఫై గుర్తు వచ్చింది.

"ఇదిగో, చుట్టుపక్కల వాళ్లందరూ వచ్చేశారు." పేర్లు ఒక్కొక్కటే తేలాయి. ఇంటావిడది 'ఊరికే వాడకండి'. ఎదురింటి వాళ్లది. చివర్న, ఒకే ఒక్క గీతతో, ఇంకొకటి.

'నేనున్నా'.

ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది.

"ఏంటమ్మా?"

"అది ఆయన ఫోన్ హాట్‌స్పాట్. ఇంట్లో ఉన్నప్పుడు నాకోసం ఆన్ చేసేవాడు. ఆ పేరు ఆయనే పెట్టాడు."

వైరు బాబాయ్ తెరకి దగ్గరగా వంగాడు. "ఇది పాత జ్ఞాపకం కాదమ్మాయ్. ఆ ఫోన్ దగ్గర్లో ఉంటేనే ఇక్కడ కనపడుతుంది. దగ్గరంటే... ముప్ఫై, నలభై అడుగులు."

ఇద్దరూ గుమ్మం వైపు చూశారు. గుమ్మంలో ఎవరూ లేరు. మెట్ల మీద ఎవరూ లేరు. వాన మాత్రమే.

ఎవరూ ఏమీ నొక్కకుండానే తెర మీద చిన్న అక్షరాలు మారాయి. కనెక్ట్ అయింది.

పాత పరిచయం కాబట్టి ల్యాప్‌టాప్ తనే పోయి కలుసుకుంది. మరుక్షణం టింగుమంది. మళ్లీ టింగుమంది. తప్పిపోయిన కాల్స్ ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. మొన్నటివి, నిన్నటివి. పదిహేడు. ఆఖరిది నిన్న మధ్యాహ్నం రెండింటికి. ఆ తర్వాత ఏమీ లేదు.

పాప నవ్వింది. తెరని అరచేత్తో తట్టి, "నాన్నా," అంది.

ఆమె మళ్లీ గుమ్మం వైపు చూసింది. వస్తే ఇంట్లోకి రావాలి కదా? తలుపు కొట్టాలి కదా? మనిషి రాకుండా, ఫోన్ ఎత్తకుండా, పేరు ఒక్కటే వచ్చి వాకిట్లో నిలబడితే దాన్ని ఏమంటారు?

ఛార్జర్ పీకేసింది. ల్యాప్‌టాప్‌ని తెరిచే ఉంచి రెండు చేతుల మీద పెట్టుకుంది. "పాపని ఇంటావిడకిచ్చి రండి బాబాయ్. గొడుగు పట్టండి. ముసలమ్మ పది నిమిషాలు నిలబడుతుందన్నారుగా."

వీధివైపు నడిచారు. ఉన్న ఒక్క గీతా పోయింది. వెనక్కి తిరిగారు. పక్క సందులో మళ్లీ ఒకటి. ఇంటి వెనక మూతబడిన గోడౌన్ వైపు మలుపు తిరిగితే రెండు. కిటికీలోంచి చూసిన వాళ్లెవరైనా ఉంటే, వానలో ల్యాప్‌టాప్‌ని బిడ్డలా మోసుకుపోతున్న ఆ ఇద్దరినీ చూసి తలుపులేసుకునేవారే. ఆ సందులో మనుషుల అలికిడి లేదు. తుప్పు నీళ్లు కారే గోడలు, గోడ నీడలో టార్పాలిన్ కప్పిన లారీ. ఆమె ఎరగని లారీ. కంపెనీ వాళ్లు ట్రిప్పుకో బండి ఇస్తారు.

మూడు గీతలు.

ల్యాప్‌టాప్ తెర ఆరిపోయింది. ముసలమ్మ పడిపోయింది.

వైరు బాబాయ్ తన ఫోన్ తీసి, ఆమె చెప్పిన నంబర్ కొట్టాడు. ఒక క్షణం వాన చప్పుడు. ఆ చప్పుడు కిందనుంచి, దుప్పట్లో చుట్టినట్టు, సన్నగా రింగు. లారీ లోపలినుంచి. మోగీ మోగీ ఆగింది.

క్యాబిన్ అద్దాలకి లోపలివైపు తెల్లగా ఆవిరి. అందులో, కింది అంచున, జారిపోయిన ఐదు వేళ్ల గుర్తు.

"నువ్వు అటు తిరుగమ్మా," అన్నాడు బాబాయ్ గొంతు తగ్గించి. "నేను చూసి చెబుతా."

"వద్దు బాబాయ్. చెప్పొద్దు. ఎవరూ నాకు చెప్పొద్దు. నేనే చూస్తా."

మెట్టెక్కి తలుపు లాగింది. తాళం లేదు. సీటు మీద అతను ముడుచుకుని పడున్నాడు, మొహం అటువైపు. పిలిచింది. కదల్లేదు. మెడ మీద చెయ్యి వెయ్యడానికి ఆమెకి ఎంతసేపు పట్టిందో ఆమెకే తెలియదు.

పెనం మీద పెట్టినట్టు కాలింది.

జ్వరం అంతలా ఉంటే ఏ పెళ్లామైనా ఏడుస్తుంది. ఆమె నవ్వింది. "వేడిగా ఉన్నాడు బాబాయ్! ఎంత వేడిగా ఉన్నాడో!"

ఆ నవ్వుకి అతను కళ్లు తెరిచాడు. ఆమెని చూశాడు. ఎండిన పెదాలు కదిలాయి. "రావద్దన్నారుగా... అందుకని... ఇక్కడే ఆగా."

"నోర్ముయ్," అంది ఆమె, అతని తలని గుండెకి అదుముకుంటూ.

ఆసుపత్రిలో సెలైన్ సగం సీసా ఎక్కాక అతనికి మాట నిలబడింది. లోడ్‌ని ఇంకొకరికి అప్పగించి, ఖాళీ బండితో కొండ దారంతా జ్వరంతోనే వచ్చాడట. నిన్న మధ్యాహ్నం చేరాడు. మెట్ల దాకా వచ్చి వెనక్కి పోయాడు.

"నడవగలిగిన వాడివి పైకి రావడానికేం?" అంది ఆమె.

"'మీరు' అన్నావు. పైగా కట్ చేశావు. పదిహేడు సార్లు చేస్తే ఎత్తలేదు. ఇంక ఏ మొహంతో తలుపు కొట్టను? అందుకే ఫోన్‌ని బండి ఛార్జర్‌కి తగిలించి, హాట్‌స్పాట్ ఆన్ చేసి కూర్చున్నా. చదువుకోవడానికి ల్యాప్‌టాప్ తెరుస్తుంది, నా పేరు చూస్తుంది, కోపం పోయుంటే పిలుస్తుంది, లేదంటే లేదు అనుకున్నా. తర్వాత కళ్లు తిరిగాయి. అంతే గుర్తు."

"నేను కట్ చెయ్యలేదు. అప్‌డేట్ అయింది."

"అంటే?"

"అంటే కట్ చేసింది ల్యాప్‌టాప్. నీ మీద కోపం మాత్రం నాదే." ఆమె అతని ముంజేతి మీద సూది పక్కన వేలితో రాసింది, ఏదో అక్షరం. "తలుపు కొట్టడానికి సిగ్గుపడే మొగుణ్ణి ప్రేమించాను చూడు, నన్ననాలి."

"ఇంకోసారి చెప్పు."

"ఏది?"

"ఆ మధ్యలో మాట."

"ఛీ, నర్సు వింటోంది."

"విననీ. ఆవిడే సాక్షి."

చెప్పింది. నర్సు నిజంగానే విని, మందుల ట్రే వైపు తిరిగి నవ్వుకుంది.

ఇంకో పూట ఆలస్యమైతే తన చేతిలో ఉండేది కాదని డాక్టర్ వరండాలో వైరు బాబాయ్‌తో అన్నాడు. ఆ మాట ఆమెకి చెప్పొద్దని బాబాయ్ అనుకున్నాడు గానీ, ఆమె తలుపు వెనకే ఉంది.

మర్నాడు బండి తీసుకుపోవడానికి కంపెనీ మనిషి వస్తే ఆమే తీసుకెళ్లి చూపించింది. అద్దం తుడిచే వైపర్ కింద తడిసిన కాగితం ముక్కలు మూడున్నాయి. మూడూ వేరు వేరు చేతిరాతలు. 'బండి తియ్యండి.' 'ఇది దారి.' 'బుద్ధి లేదా?' అంటే ఒక రోజులో ముగ్గురు మనుషులు ఆ లారీ దగ్గర ఆగారు. కాగితం తీసి, రాసి, చెయ్యి చాపి పెట్టారు. ఆ అద్దానికి అవతల, జానెడు దూరంలో, మనిషి కాలిపోతున్నాడు.

వాళ్లు చెడ్డవాళ్లు కారు. అడ్డంగా ఉన్నది బండి అనుకున్నారు, అంతే.

ఇది చదివాక మీరొక పని చెయ్యాలి. మీ ఇంటి వెనకో, ఆఫీసు పక్కనో, నిన్నటి నుంచీ కదలని బండి ఏదైనా ఉందేమో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఉంటే, వాన పడుతున్నా సరే, చెప్పులేసుకుని వెళ్లి అద్దం మీద తట్టండి. లోపల ఎవరూ లేకపోతే మంచిదే. ఒక్కసారి తట్టి చూసి రండి.