కేకు తిన్న మర్నాడు

కలకత్తా భవానీపూర్‌లో మెట్రో కోసం రోడ్లు తవ్వుతున్న రోజులవి. ఆ దుమ్ముకి డిటెక్టివ్ రామనాథం అసిస్టెంటు జానకిరామ్ తుమ్మని పూట లేదు. అతను అలా తుమ్ముతుండగానే లోయిస్ మెట్లెక్కి వచ్చింది. వాట్‌గంజ్‌లో, రేవులో క్రేను నడిపే కూర్మయ్య ఇంట్లో అద్దెకుంటోంది. కుట్టుపనితో బతికే ఒంటరి మనిషి.

"సాయంత్రానికి ఇల్లు కాళీ సెయ్యమన్నారు బాబూ. నానిచ్చిన క్రిస్మస్ కేకులో మందెట్టినానంట. మొన్న రొయ్యల కూరిచ్చినా అంతే, మర్నాటికి కూర్మయ్య మావ మొకం బూరిలా పొంగిపోనాది. నానెక్కడికెల్తాను?"

"కేకు ఇంకెవరు తిన్నారు?"

"అమ్మన్నమ్మత్త తిన్నాది. ఆవిడికేటీ అవలేదు."

"నీ వంట ఆయన బయటెక్కడైనా తిన్నాడా?"

"ఓపాలి షాలిమార్‌లో తమ్ముడింటికి నా రొయ్యల కూర అట్టుకెల్లి అక్కడే తిన్నాడు. మర్నాడు నవ్వుతా తిరిగొచ్చినాడు."

రామనాథం చెప్పులు తొడుక్కున్నాడు.

వాట్‌గంజ్‌లో లోయిస్ ట్రంకుపెట్టె అప్పటికే వాకిట్లో ఉంది. కూర్మయ్య కళ్లు వాచి మంచంమీద కూర్చున్నాడు, ఆయన పక్కనే లోయిస్ పిల్లి.

"పిల్లి బొచ్చు ఒంటికి పడదేమో సార్," అన్నాడు జానకిరామ్ గుసగుసగా.

"పిల్లి రోజూ ఉంది. వాపు రోజూ లేదు." రామనాథం కూర్మయ్య చొక్కా విప్పించాడు. ముఖం, మెడ, చేతులు ఎర్రగా కందాయి. చొక్కా కప్పిన చోట మచ్చ కూడా లేదు. మంచం కింద మూకుట్లో బూడిద ఉంది. గుమ్మానికి నల్లటి గింజల దండ వేలాడుతోంది.

ఇరుగుపొరుగును కూడా పిలిపించి అందరినీ కూర్చోబెట్టాడు.

"దీనికి కారణమైన మనిషి ఈ గదిలోనే ఉంది," అన్నాడు. అందరూ లోయిస్ వైపు చూశారు. ఆయన మాత్రం కూర్మయ్య భార్య వైపు తిరిగాడు. "అమ్మన్నమ్మగారూ, పరాయి వంట తిన్నాక మీ ఆయనకి ఏం చేస్తారు?"

"దిష్టి తీస్తాను. నల్లజీడి గింజలు తిప్పి నిప్పుల్లో ఏసి, పొగ మొకానికి బాగా పట్టిస్తాను."

"మరి మీరు?"

"నానటు తిరిగుంటాను, కళ్లు మండుతాయి గదా."

"చాకలి బట్టలకి గుర్తు పెట్టే జీడే అది. పడని ఒంటికి దాని పొగ తగిలినా పొంగుతుంది. తిండి వల్లయితే షాలిమార్‌లోనూ పొంగాలి. అక్కడ దిష్టి తీసేవాళ్లు లేరు. పొగ తగల్లేదు కాబట్టే చొక్కా కింద ఒళ్లు కూడా బాగుంది."

జానకిరామ్ ఆరాధనగా చూస్తూ తుమ్మడం మర్చిపోయాడు.

"అయ్యో నా రాత," అంది అమ్మన్నమ్మ. "పొంగు తగ్గలేదని ఇంకో రెండు గింజలేసినానే." వాకిట్లోకి వెళ్లి ట్రంకుపెట్టె తనే నెత్తిన పెట్టుకుని లోయిస్ గదిలో దించి వచ్చింది. రామనాథం వైపు తిరిగింది. "ఉండు బాబూ, ఇంత తెలివికి దిష్టి తగిలీగల్దు." మూకుడు అందుకుంది.

"ఉప్పుతో తియ్యే," అన్నాడు కూర్మయ్య మంచం మీంచి.

లోయిస్ తన గదిలోంచి గుప్పెడు ఉప్పు తెచ్చింది. అమ్మన్నమ్మ చెయ్యి చాపింది.

"సేతికి ఉప్పిస్తే తగువొస్తాదంటారు గదత్తా."

"రానీయే. తగువాడుకోడానికైనా ఇంట్లో ఉంటావు గదా," అని అమ్మన్నమ్మ ఆ ఉప్పు చేత్తోనే అందుకుంది.