పదకొండో పేజీ

పెట్టె సర్దేటప్పుడు ముందు మందులు పెట్టాలన్నది ఆమె పద్ధతి. ఆ తరువాత తువ్వాలు, దాని మీద బట్టలు, అన్నిటికన్నా పైన ఇంటి చిరునామా రాసిన చీటీ. కూతురికి ముప్పై రెండేళ్ళు. సొంత ఇంటి చిరునామా తెలియని మనిషేం కాదు. అయినా ఆ ఇంట్లోంచి ఎవరు ఎక్కడికి బయలుదేరినా ఆ చీటీ ఉండి తీరాలి. సంచీ దారి తప్పితే ఇంటికి చేరుతుంది అంటుంది ఆమె. మనిషి మాట ఎత్తదు.

"అమ్మా, రెండు రోజులకి ఇన్ని మాత్రలా? అక్కడ మందుల షాపులుండవా?" తల తుడుచుకుంటూ గుమ్మంలోంచి అడిగింది కూతురు.

"ఉన్నాయని నువ్వు చూసొచ్చావా?"

"మహానగరమమ్మా అది."

"అందుకే భయం."

కూతురు నవ్వుకుంటూ లోపలికి వెళ్ళింది. ఆమె మాత్రం నవ్వలేకపోయింది. చేతులు బట్టలు మడతపెడుతున్నాయి గానీ, మనసంతా ముందు గదిలో, మంచం కింద ఉంది.

కూతురిది జిల్లా అభివృద్ధి కార్యాలయంలో పని. బయటివాళ్ళని ఈ జిల్లాకి రప్పించడమే ఆ పని. ఇక్కడ ఇళ్ళ అద్దెలు తక్కువ, నీళ్ళకు కొదవ లేదు, మంచి రోడ్లున్నాయి, వచ్చి ఉండండి, వచ్చి వ్యాపారం పెట్టుకోండి అని పదిమందికీ చెప్పాలి. నూలు మిల్లు మూతపడ్డాక వాళ్ళ వీధిలోనే సగం తలుపులకు తాళాలు పడ్డాయి. ఆ తాళాలు తీయించాలని ఆ పిల్ల పట్టుదల. రేపు నగరంలో పెద్ద ప్రదర్శన ఉంది. అన్ని జిల్లాల వాళ్ళూ స్టాళ్ళు పెడతారు. ఈసారి ఒక్క కంపెనీ అయినా రాకపోతే ఆ విభాగాన్నే ఎత్తేస్తామని పై ఆఫీసరు ముందే చెప్పాడు.

ప్రదర్శనలో పంచడానికి అచ్చువేసిన పుస్తకాలు, రెండు వందలు, నిన్న సాయంత్రం ప్రెస్సు నుంచి నేరుగా ఇంటికే వచ్చి, ముందు గదిలో మంచం కింద ఉన్నాయి. కూతురు పది రోజులుగా నగరంలో స్టాలు పనులు చూసుకుని అప్పుడే వచ్చింది. కట్టలు విప్పే ఓపిక కూడా లేక పడి నిద్రపోయింది. తల్లి బడి మొహం చూడలేదు. పొట్లాల కాగితాలు, షాపుల బోర్డులు చూసి చూసి చదువు నేర్చుకున్న మనిషి. అచ్చు కనిపిస్తే ఊరుకోలేదు. పొద్దున్నే టీ కాగేలోపు కట్ట విప్పి చదవడం మొదలుపెట్టింది.

'స్వచ్ఛమైన గాలి' అని ఉంది రెండో పేజీలో. మిల్లు పొగగొట్టం ఆగిపోయాక గాలి శుభ్రంగా ఉండక ఏం చేస్తుంది, అనుకుంది. పదకొండో పేజీ దగ్గర ఆగిపోయింది.

'వెళ్ళారు, తిరిగి వచ్చారు' అని శీర్షిక. ముప్పై రెండు మంది అట. మొట్టమొదటి ఫొటో ఆమె పెద్దకొడుకుది. మెడ దాకా గుండీ పెట్టుకున్న చొక్కా, ఎడమ కనుబొమ మీద చిన్నప్పటి గాటు. కింద ఇలా ఉంది: వెల్డింగ్ మేస్త్రి. ఏడేళ్ళు బయట పనిచేసి సొంత జిల్లాకు తిరిగి వచ్చారు. ఇప్పుడు ఇంటి ముందు గదిలోనే షాపు పెట్టుకున్నారు.

కారు తొమ్మిదింటికి వస్తుంది. రెండు గంటలు కూడా లేవు.

పెట్టె మూసి, కత్తెర తీసుకుని ఆమె ముందు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. నేల మీద కూర్చుని పదకొండో పేజీలు కోయసాగింది. ఒక్కో పుస్తకంలోంచి కొడుకు మొహం ఊడి వచ్చి ఒళ్ళో పడుతోంది. తొందరలో అంచులు వంకర పోతున్నాయి.

"ఏమిటే ఆ చప్పుడు? ఎలకలేమో అనుకున్నా." భర్త లోపలికి వచ్చాడు. మిల్లులో ముప్పై ఏళ్ళు కరెంటు పని చేసి ఇంట్లో కూర్చున్న మనిషి.

"అచ్చుతప్పు ఉందండీ. తీసేస్తున్నా."

"నువ్వెప్పుడు ప్రెస్సులో చేరావు?" అంటూ ఒక పేజీ తీసుకుని కళ్ళజోడు సర్దుకున్నాడు. మంచం పట్టె మీద మెల్లిగా కూర్చున్నాడు. ఆ ఇంట్లో పెద్దవాడి ఫొటో గోడ మీద పెట్టలేదు. వాడి ఊసు ఎవరూ ఎత్తరు.

అప్పుడే వసారాలో కూతురి ఫోను మోగింది, పై ఆఫీసరు దగ్గర్నుంచి. "చెప్పండి సార్. ఫ్యాక్టరీ ఆయన మన పుస్తకం చూశారా, పదకొండో పేజీయా? ఇంకా చూడలేదు సార్. వెల్డింగ్ మేస్త్రా? ఫ్యాక్టరీ ఓనరు గారు ఆయనతో మాట్లాడతారా, రేపు స్టేజీ మీద నుంచే? తప్పకుండా సార్, ఇప్పుడే చూసి ఫోను చేస్తాను." అంటూనే తలుపు తోసింది.

కోసిన పేజీలు, కత్తెర, తల్లి ఒడి. కూతురు వంగి ఒక పేజీ అందుకుంది.

"అన్నయ్య," అంది. "అన్నయ్య ఫొటో మా పుస్తకంలోకి ఎలా వచ్చిందమ్మా?" అంది.

"ఊరు వదిలి వెళ్ళినవాళ్ళ వివరాలు రాసుకుంటూ మీ ఆఫీసు సర్వే పిల్ల వచ్చింది. నువ్వు ఊళ్ళో లేవు. ఇది నీ ఇల్లని ఆ పిల్లకి తెలీదు."

"వస్తే? ఏం చెప్పావు?"

"మీ ఇంట్లోంచి వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళున్నారా అమ్మా అని అడిగింది."

"లేరు అనాలి కదా. ఒక్క ముక్క. లేరు అంటే అయిపోయేది."

"నోరు రాలేదే తల్లీ."

"నోరు రాలేదా? షాపు కూడా పెట్టించావు కదమ్మా ఇక్కడ. సర్వేవాళ్ళ మాట నమ్మి, ముప్పై రెండు మంది అని కమిషనరుకి లెక్క రాసిచ్చాను. నా సంతకంతో. ఆ ఫ్యాక్టరీ ఆయన నలభై మంది వెల్డర్లని తీసుకుందామని చూస్తున్నాడు. ఈ ఫొటో చూసే మన జిల్లా గురించి ఆలోచిస్తున్నాడట. రేపు స్టేజీ మీద అన్నయ్యకి ఫోన్ చేయమంటే ఎవరికి చేయను?"

"అరవకే," అన్నాడు తండ్రి.

"మీరు ఊరుకోండి నాన్నా. ఇన్నాళ్ళూ ఊరుకునే కదా ఇంత దాకా తెచ్చారు."

తల్లి ఒళ్ళోని కాగితాలు ఒక్కొక్కటే దొంతి పెట్టసాగింది, మొహాలన్నీ ఒక వైపుకి వచ్చేలా.

"నాలుగేళ్ళయింది," అంది ఆమె. "ఇరుగుపొరుగు అడగరు. మీ నాన్న అడగరు. నువ్వు అడగవు. నేను బాధపడతానని అందరూ దాటేస్తారు. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి నవ్వుతూ అడిగింది, మీవాళ్ళెవరైనా తిరిగొచ్చారా అని. వాడి సంచీ వచ్చింది కదా. చీటీ చూసి ఎవరో పంపించారు కదా. ఆ సంచీయే కళ్ళముందు మెదిలింది. వచ్చాడు అనేశాను. అన్నాక ఎంత హాయిగా ఉందో తెలుసా? ఏం చేస్తున్నాడు అంది. ముందు గదిలో షాపు పెట్టుకుంటానన్నాడు కదా వాడు. అదే చెప్పాను. అచ్చులో వేస్తారని నాకేం తెలుసు? ఫొటో ఇస్తే తన నోటుబుక్కులో రాసుకుని తిరిగిచ్చేస్తుందనుకున్నా."

షాపు కోసమని వదిలేసిన గది అది. మంచం తప్ప ఇంకేమీ లేదు.

కూతురు నేల మీద కూలబడింది. తల్లి చేతిలోంచి కత్తెర తీసి పక్కన పెట్టింది.

"వెళ్ళేముందు అన్నయ్య నాకొక మాట చెప్పాడమ్మా," అంది. "ఈ ఊళ్ళోనే పని ఉంటే నేనెందుకు వెళ్తానే అన్నాడు. నేనీ ఉద్యోగంలో చేరింది అందుకే. మీకెప్పుడూ చెప్పలేదు."

తల్లి కూతురి తల పొట్టకు అదుముకుంది. అప్పుడు ఏడ్చారు ఇద్దరూ. తండ్రి కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తుడిచాడు.

కొంచెం తేరుకున్నాక కూతురు ఆఫీసరుకి ఫోను చేసింది. "సార్, పదకొండో పేజీలో మొదటి మనిషి వివరాలు తప్పు. ఆయన మా అన్నయ్య. లేడు సార్. తప్పు మా ఇంట్లోనే జరిగింది. మిగతా ముప్పై ఒక్కమంది ఇళ్ళకీ ఇప్పుడే ఫోన్లు చేసి నిర్ధారించుకుంటాను. వాళ్ళలో లేత్ మిషను నడిపే మేస్త్రి ఉన్నాడు, రేపు ఆయనతో మాట్లాడిద్దాం." అవతల కాగితాలు తిప్పిన చప్పుడయింది. చివరికి, "స్టేజీ మీద ఆ మాట నువ్వే చెప్పుకోవాలమ్మా. ఆ తరువాత మన అదృష్టం," అని ఆఫీసరు ఫోను పెట్టేశాడు.

"ఉద్యోగం పోతుందా?" భయంగా అడిగింది తల్లి.

"తెలీదమ్మా. పుస్తకాలు కోయొద్దు. ప్రతి దాంట్లో ఒక సవరణ చీటీ పెడదాం. కోసినవి ఇక్కడే ఉండనీ. చీటీ నువ్వే రాయి."

"నా రాతా? కోడి గీకినట్టు ఉంటుందే."

"అదే కావాలి. ఇన్ని సంచులకి చీటీలు రాసిన చెయ్యి కదా."

తండ్రి అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు, వీధి చివర జిరాక్స్ షాపు తెరిపించడానికి. ఆమె పెట్టె మీదే కాగితం పెట్టుకుంది. ఒక్కో అక్షరాన్నీ కూడబలుక్కుంటూ రాసింది. బయట కారు హారను రెండుసార్లు మోగింది. ఆమె కలం ఆపలేదు.

సవరణ. ఈ పుస్తకంలో తిరిగి వచ్చినవాళ్ళు ముప్పై ఒక్కమంది. పదకొండో పేజీలో మొదట ఉన్నది మా పెద్దబ్బాయి. మిల్లు మూతపడిన ఏడాది జూన్ పన్నెండున పని కోసం వెళ్ళాడు. ఏడేళ్ళకు, మార్చి నాలుగున, పని చోటే పోయాడు. సంచీ వచ్చింది. వాడు రాలేదు.