ఒకే గొట్టం, ఇరవై నోళ్లు

"పద్నాలుగు పేర్లు," అన్నాడు చీఫ్ మునిచంద్ర. "పరాయి దేశాల్లో మారుపేర్లతో ఉండే మనోళ్ల అసలు పేర్లు, అడ్రసులు. అన్నీ వేలిగోరంత చిప్‌లో ఉండాయి. అది బయటికి పోతే సాయంత్రానికి పద్నాలుగు శవాలు."

ఏజెంట్ లోహితకు ఆ జాబితా చూడాల్సిన అవసరం లేదు. అందులో ఏడో పేరు మునిప్రసాద్. ఆమె భర్త. రెండేళ్లుగా ఏదో ఓడరేవులో వేరే పేరుతో, వేరే గడ్డంతో క్రేన్ నడుపుతున్నాడు.

తిరుపతి బస్టాండు ఎదురుగా ఒక లాడ్జి మూడో అంతస్తు గది అది. కింద గుండు చేయించుకున్న యాత్రికులు ఆటోల వాళ్లతో గొడవ పడుతున్నారు. ఉదయం ఏడు.

"చిప్ అమ్మిన మన ఆఫీసు గుమాస్తా నిన్ననే దొరికినాడు. చిప్ మాత్రం ఒట్టో అనే పరాయి గూఢచారుల ముఠా చేతికి పోయింది. ఈ పొద్దు పదకొండుకు ఒక హోటల్లో టీ మీటింగు. ఆడనే చిప్ వాళ్ల కొరియర్ చేతికి మారతాది. వాడెవడో తెలీదు. వాడు చెప్పే కోడ్ వర్డ్ తెలుసు."

"ఏంది సార్?"

"థాంక్స్."

లోహిత ఆయన ముఖంలోకి చూసింది. ఇంత పెద్ద ముఠాకు ఇంతకంటే మంచి మాట దొరకలేదా?

"ఎవరు చెప్పినారు?"

"చంద్రిక. ఆ ముఠాలో మన డబుల్ ఏజెంట్."

"ఆమె మనకెంత డబులో వాళ్లకూ అంతే డబులు సార్."

"నీకు ఆమంటే పడదులే."

పడదు. చంద్రిక నవ్వితే ఫైళ్లు వాటంతటవే తెరుచుకుంటాయని ఆఫీసులో మగవాళ్లు మురిసిపోతారు. తెరిచిన ఫైలు మళ్లీ ఎవరు మూశారో ఒక్కరూ చూడరు.

పదింటికల్లా లోహిత హోటల్ వంటగదిలో ఉంది. ముతక చీర, జారుముడి, చెవి వెనక పూలలో ఇయర్‌పీస్. గాజులకు వేలాడే మూడు పిన్నీసుల్లో ఒకటి మత్తుసూది. వంటమనిషి నాగరత్నమ్మకు ఇవేవీ తెలియవు. ఆమె కోపమంతా ఒక థర్మామీటరు మీద.

"సూడు పాపా, డెబ్బై అయిదు డిగ్రీలు దాటకూడదంట! మరిగితే ఆకు చేదైపోతాదంట. మరగని నీళ్లతో టీ ఏందే? ఎవురికన్నా ఇస్తే మొగాన పోస్తారు."

థర్మామీటరును గరిటెల డబ్బాలో పడేసి, నీళ్లను గిన్నె మూత ఎగిరేదాకా మరిగించి ఫ్లాస్కులో పోసింది. ఆపాలా అని లోహిత ఒక్క క్షణం ఆలోచించింది. తన వంటింట్లోనైనా అంతే చేసేది. ఆపలేదు.

హాల్లో ఇరవై కుర్చీలు గుండ్రంగా వేశారు. నడుమ చంద్రిక. ఆకుపచ్చ షిఫాన్ చీర, అడవిలో ఒక్క రోజు కూడా బతకని హీల్స్.

"ఇది యెర్బా మాతే. దక్షిణ అమెరికా వర్షారణ్యాల ఆకు. కాఫీలోని కెఫీనే ఇందులోనూ ఉంటుంది. కానీ గుండెదడ ఉండదు, చేతులు వణకవు. యాంటీఆక్సిడెంట్లు! ఏకాగ్రత! బరువు తగ్గుతారు, మోకాళ్ల నొప్పులు పోతాయి, పిల్లలకు మార్కులు పెరుగుతాయి..."

ఆ ఆకు మీద లోహితకు కోపం లేదు. అడవి మనుషులు తరతరాలుగా పొద్దున్నే తాగి పనిలోకి పోయే ఆకు అది. నిద్రమంపు వదుల్తుంది, ఒళ్లు తేలికవుతుంది. ఆ మర్యాద దానికి చాలు. దాన్ని మార్కులకూ మోకాళ్లకూ ముడిపెట్టే నోటిని చూస్తేనే ఒళ్లు మండింది. తలలూపుతున్న ఈ ఇరవై మందిని చూస్తే ఇంకా మండింది. ఇంట్లో కషాయం ఇస్తే ముఖం తిప్పుకునే జాతి ఇది.

చంద్రిక ఎండు సొరకాయ బుర్ర ఒకటి పైకెత్తింది. అందులో ఆకు, ఆకులో గుచ్చిన వెండి గొట్టం, గొట్టం అడుగున ఆకు నోట్లోకి రాకుండా ఆపే జల్లెడ గుండు. "ఒకే బుర్ర, ఒకే గొట్టం. వరసగా అందరూ తాగాలి. నేను నింపుతూనే ఉంటా. ఇంక చాలు అనుకున్నవాళ్లే థాంక్స్ అనాలి. అది వాళ్ల ఆచారం."

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు కీచుమంది. "లోహితా! ఇరవై మందీ అంటారు గదమ్మా థాంక్స్!"

"డబులంటే అదే సార్."

ఫ్లాస్కు పట్టుకుని ఆమె గోడవారగా నిలబడింది. బుర్ర తిరగడం మొదలైంది. రిటైర్డ్ లెక్చరర్ గొట్టాన్ని చేతిరుమాలుతో మూడుసార్లు తుడిచి, తాగి, తాగినందుకు బాధపడ్డాడు. స్థలాల బ్రోకరు గొట్టం పెరికేసి బుర్ర పైకెత్తి పోసుకున్నాడు. ఆకంతా చొక్కా మీద పడింది. పట్టుచీర ఆవిడ గొట్టానికి జానెడు దూరంలో మూతి పెట్టి గుటక మింగినట్టు నటించింది. అందరూ పోటీపడి థాంక్స్ అంటున్నారు.

పదిహేడో కుర్చీలో చిన్నబ్బ. వడమాలపేట మామిడికాయల వ్యాపారి. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. ఇందాక పక్కాయనతో "ఈ యేడు కాపు యాడుందబ్బా, పూతంతా రాలిపోయినాది" అంటుంటే లోహిత విన్నది. యాసలో ఎక్కడా తప్పు లేదు. అందుకే అతన్ని లెక్కలోంచి తీసేసింది.

చిన్నబ్బ బుర్ర అందుకున్నాడు. తుడవలేదు. పదహారు నోళ్లు దాటి వచ్చిన గొట్టాన్ని నేరుగా పెదాల మధ్య పెట్టుకుని, కళ్లు మూసుకుని, అడుగున గురగురమనేదాకా పీల్చాడు.

"థాంక్స్."

"పదిహేడోవాడు సార్," అంది లోహిత పెదాలు కదపకుండా.

"ఎట్ల చెప్తావు? అందరూ అదే మాట గదా!"

"మాట కాదు సార్, ఎంగిలి. వడమాలపేటలో పుట్టినోడు సొంత తమ్ముడి చెంబైనా ఎత్తిపోసుకుంటాడు. వీడికి యాస నేర్పినోళ్లు ఎంగిలి నేర్పలేదు."

"మనోళ్లు గేటు కాడ ఉండారు. ఒక్క నిమిషం!"

నిమిషం లేదు. పక్కవాడు తుడవడానికి పైకి లాగిన గొట్టానికి అడుగున ఉండాల్సిన జల్లెడ గుండు లేదు. అది చిన్నబ్బ పిడికిలిలో ఉంది. దాన్ని విప్పి, గోరంత చిప్‌ను ఫోన్‌లోకి తోశాడు. ఫైలు అవతలికి పోతున్నట్టు తెరమీద పచ్చగీత పాకుతోంది. అరవై శాతం. డెబ్బై.

లోహిత ఫ్లాస్కు మూత తిప్పుతూ వంగింది. "ఇంకొంచెం పోసేదా నాయనా?"

"వద్దు. థాంక్స్ చెప్తిని గదా."

"మా ఇండ్లల్లో వద్దన్నాకే పోస్తాము."

నాగరత్నమ్మ మరిగించిన నీళ్లు అతని చేతిమీద పడ్డాయి. చిన్నబ్బ అరిచాడు. ఆ అరుపు వడమాలపేట భాష కాదు. ఫోన్ నేలమీద పడింది, గీత మాత్రం ఆగలేదు. తొంభై ఆరు. తొంభై ఎనిమిది. ఏడో పేరు. లోహిత మోకాళ్ల మీద పడి గోటితో చిప్‌ను బయటికి లాగింది.

తొంభై తొమ్మిది దగ్గర గీత ఆగింది. ఒక్క పేరూ పోలేదు. పూర్తిగా చేరితే తప్ప అవతల ఫైలు తెరుచుకోదు.

పైకి లేవబోతున్న చిన్నబ్బ మెడలో పిన్నీసు దిగింది. తిరిగి కూర్చున్నాడు, ఈసారి నిద్రలో. పట్టుచీర ఆవిడ కళ్లు పెద్దవి చేసి, "గుండెదడ ఉండదంటిరి గదమ్మా?" అని చంద్రికను అడగబోయింది. చంద్రిక అప్పటికే వంటగది తలుపు దగ్గరుంది. అక్కడ నాగరత్నమ్మ గరిటెతో అడ్డంగా నిలబడి ఉంది.

"యాడికి మే? ఆ థర్మామీటరు తీస్కోని పో."

అప్పటికి గేటు దగ్గరి మనుషులు లోపలికొచ్చి చంద్రికను చుట్టుముట్టారు.

"లోహితా, చెప్పు వీళ్లకు! నేను మీ మనిషిని!"

"వాళ్ల మనిషివి కూడా," అంది లోహిత. "ఇంకెవరి మనిషివైనా అయితే ఇప్పుడే చెప్పు. వాళ్లకూ జీపులో చోటు చూస్తాం."

మధ్యాహ్నం ఇంట్లో ఫిల్టర్‌లో డికాషన్ దిగుతుండగా ఫోన్ మోగింది. నంబరు లేదు. పది సెకండ్లకు మించి మాట్లాడకూడని ఫోన్ అది.

"చీఫ్ చెప్పినాడు." రెండేళ్ల తర్వాత మునిప్రసాద్ గొంతు. "థాంక్స్, లోహితా."

ఆమె గోడ గడియారం చూసింది. ఇంకా నాలుగు సెకండ్లున్నాయి.

"ఇంకోసారి ఆ మాట నాతో అనొద్దు," అంది. "ఇంక చాలని అర్థమంట దానికి."