ఓడలో ఇస్త్రీ పెట్టె నిషిద్ధం

"నిన్న సాయంత్రం మనవాణ్ణి చంపేశారు," అన్నాడు బాస్, గొడుగు ఊచకు నూనె రాస్తూ.

గొడుగులు బాగుచేసే కొట్టు వెనక గది అది. ముందు గదిలో నిజంగానే గొడుగులు బాగుచేస్తారు. వెనక గదిలో దేశాన్ని బాగుచేస్తున్నామని వాళ్ళ నమ్మకం.

ఎదురుగా స్టూలు మీద ఏజెంటు కూర్చున్నాడు. డిపార్ట్‌మెంటులో అతన్ని పిల్లి అంటారు. అడుగుల చప్పుడు కాకుండా నడుస్తాడు కాబట్టి ఆ పేరొచ్చిందని కొత్తవాళ్ళు అనుకుంటారు. అతనికి నీళ్ళంటే చచ్చేంత భయమని పాతవాళ్ళకు తెలుసు.

"ఎక్కడ సార్?"

"రేవులో. ఎల్లుండి బయల్దేరే క్రూయిజ్ షిప్ పక్కన. పోయేముందు ఫోన్‌లో ఒక్క మాట చెప్పాడు. బాంబు ఓడ ఎక్కుతోంది, కానీ ఎన్ని క్యాబిన్‌లు వెతికినా దొరకదు అన్నాడు. అంతే, లైన్ కట్."

బాస్ గొడుగు మూసి బల్ల మీద పెట్టాడు. విదేశీ ముఠా ఒకటి వాడే రహస్య కోడ్‌ని మన లెక్కల ప్రొఫెసర్ ఒకాయన విప్పేశాడు. ఆయన మారుపేరుతో ఆ ఓడలో వెళ్తున్నాడు. ముఠాకు ఆ సంగతి తెలిసింది గానీ, ఆయన ముఖం తెలీదు.

"ముఖం తెలీకపోవడం మంచిదే కదా సార్?"

"ఏం మంచి? తెలిస్తే ఒక్కణ్ణి చంపేవాళ్ళు. తెలీదు కాబట్టి ఓడ మొత్తం ముంచుతారు."

"ఓడ ఆపేద్దాం సార్."

"ఆపితే ఇంకో ఓడ, లేకపోతే రైలు. అప్పుడు మనకు ఈ మాత్రం కబురు కూడా అందదు." బాస్ ఒక పాత వాచీ తీసి అతని చేతికి కట్టాడు. "పేలుడు పదార్థం రెండు బారల దూరంలో ఉంటే ఇది వణుకుతుంది. మధ్యలో ఇనప తలుపుంటే మాత్రం పనిచెయ్యదు. ఓడలో మన మనిషి ఉంది, ముత్యం అంటారు. గెస్ట్ సర్వీసెస్‌లో పనిచేస్తుంది. డెక్ మీద చెప్పులు జారతాయా అని అడుగు. తడిస్తే చెప్పులు జారతాయి, తడబడితే మనం జారతాం అంటుంది."

"సరే సార్."

"ఇంకోటి. ఒంటరి మగాడంటే అందరికీ అనుమానమే. ఫ్యామిలీతో వెళ్ళు."

"మా ఆవిడకు సెలవు దొరకదు సార్."

"మీ అత్తగారు ఖాళీయేగా? అత్తగారిని వెంటేసుకుని షికారుకొచ్చిన అల్లుణ్ణి ఎవడూ గూఢచారి అనుకోడు. టికెట్లు కూడా తీసేశాను."

"బాంబున్న ఓడలోకి మా అత్తగారినా సార్?"

"నువ్వు పట్టుకుంటే అది మామూలు ఓడే. వెళ్ళి రూల్స్ అన్నీ బుద్ధిగా పాటించు. ఓడలో రూల్ తప్పినవాడి మీదే అందరి కళ్ళూ పడతాయి."

ఇంట్లో అతను ఇన్సూరెన్స్ కంపెనీ ఉద్యోగి. కంపెనీ బహుమతిగా టికెట్లు ఇచ్చిందని చెప్పాడు. భార్య రేవు దాకా వచ్చి, తల్లి జాకెట్ గుండీలు సర్ది, అతన్ని పక్కకు పిలిచింది.

"అమ్మ తప్ప నాకెవరున్నారండీ? జాగ్రత్తగా తీసుకెళ్ళి జాగ్రత్తగా తీసుకురండి," అంది.

అతను తల ఊపి, అత్తగారి బ్యాగు అందుకున్నాడు.

ఓడ ఎక్కేచోట బ్యాగులన్నీ ఎక్స్‌రే మెషిన్‌లోంచి వెళ్తున్నాయి. అత్తగారి బ్యాగు దగ్గర బెల్టు ఆగింది.

"అమ్మా, ఇస్త్రీ పెట్టె అనుమతించం," అన్నాడు సెక్యూరిటీ ఆయన. "క్యాబిన్‌లో మంటలు లేస్తే పారిపోవడానికి చోటుండదు. ఇస్త్రీ పెట్టెలు, కొవ్వొత్తులు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు అన్నీ మాకిచ్చెయ్యాలి."

"నా పెట్టె నాకుంటే మీకేం నష్టం నాయనా? ముడతల బట్టలతో నేను నలుగురిలోకి రాను."

"లాండ్రీ గదిలో పెట్టెలున్నాయమ్మా. మీది కింద ఇంజన్ గది పక్కన స్టోరులో భద్రంగా ఉంటుంది. ఇదిగో టోకెన్. దిగేటప్పుడు చూపించి తీసుకోండి."

ఈ మాటలన్నీ పిల్లి చెవిన పడ్డాయి గానీ బుర్రలోకి ఎక్కలేదు. గ్యాంగ్‌వే వంతెన చెక్కల సందుల్లోంచి కింద నల్లటి నీళ్ళు కనబడుతున్నాయి. అతను కళ్ళు మూసుకుని, అత్తగారి చెయ్యి పట్టుకుని ఓడ ఎక్కాడు. ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో చూసేవాళ్ళకు అర్థమయ్యే ఉంటుంది.

బయల్దేరకముందే అలారం మోగింది. ప్రమాదమొస్తే ఎక్కడ నిలబడాలో నేర్పే డ్రిల్ అది, ప్రయాణికులంతా రావాల్సిందే. సంగతి తెలిసి కూడా పిల్లి పైప్రాణాలు పైనే పోయాయి. లైఫ్ జాకెట్ పట్టీలు కట్టుకోబోతే వేళ్ళు వణికాయి. అత్తగారే కట్టింది.

"ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేసేవాళ్ళే ఇంత భయపడితే మాబోటి వాళ్ళ గతేమిటి అల్లుడుగారూ?"

"అలవాటు లేక అత్తయ్యా."

డ్రిల్ నడిపిస్తున్న ఆవిడ అతని ముందు ఆగింది. తెల్లటి యూనిఫామ్, చెవులకు ముత్యాల పోగులు. ఆవిడ వెళ్ళిన వైపుకే మగాళ్ళ మెడలు తిరుగుతున్నాయి.

"డెక్ మీద చెప్పులు జారతాయా అండీ?" అన్నాడు పిల్లి.

"తడిస్తే చెప్పులు జారతాయి. తడబడితే మనం జారతాం," అందావిడ, అతని పట్టీ బిగిస్తూ. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "వంటగదిలో వెతకండి. నా అనుమానం అక్కడే."

పిల్లి వంటగదంతా వెతికాడు. వెయిటర్ వేషంలో ఒకసారి, గ్యాస్ లీకేజీ చూసేవాడి వేషంలో మరోసారి. వాచీ ఉలకలేదు, పలకలేదు. ముత్యం థియేటర్ అంది, థియేటర్ వెతికాడు. ఈత కొలను పంపుల గది అంది. నీళ్ళ చప్పుడుకు ఒళ్ళు చల్లబడిపోతున్నా అందులోకి కూడా దూరాడు. ఏమీ లేదు. దేవుడి మీద భారం వేసి ప్రొఫెసర్ ఎవరై ఉంటాడా అని ప్రతి ముసలాయన ముఖమూ చూశాడు. చివరికి అందరి ముఖాలూ ఒకేలా కనబడసాగాయి, రేపోమాపో మునిగిపోబోయే మనుషుల్లా.

తీరం కనబడకుండా పోయిన రోజు మధ్యాహ్నం స్పీకర్లలో ప్రకటన వచ్చింది. ఆ సాయంత్రం కెప్టెన్ ఇచ్చే విందు. నలగని మంచి బట్టల్లో రావాలని ప్రయాణికులకు మనవి. ఓడ మొత్తం ఒకే హాల్లో, ఇంజన్ గదికి సరిగ్గా పైనుండే హాల్లో చేరుతుంది.

ఇవాళే, అనుకున్నాడు పిల్లి. అత్తగారిని లైఫ్ బోట్లకు దగ్గరగా ఎక్కడైనా కూర్చోబెట్టాలి. ఏం అబద్ధం చెప్పాలా అని ఆలోచిస్తూ క్యాబిన్ ఇనప తలుపు తోశాడు.

చెయ్యి వణికింది. భయం వల్ల అనుకున్నాడు. రెండో చేత్తో పట్టుకున్నాడు. వణుకుతోంది చెయ్యి కాదు, వాచీ.

అత్తగారు మంచం మీద దుప్పటి మడతపెట్టి, దాని మీద జాకెట్ పరిచి, ఇస్త్రీ పెట్టె ప్లగ్గులో పెట్టి ఎదురుచూస్తోంది.

"ఎంతసేపైనా వేడెక్కి చావట్లేదు అల్లుడుగారూ. పైకి చూస్తే కొత్తది."

"అత్తయ్యా," అన్నాడు పిల్లి. "అది మీదేనా?"

ఆవిడ చూపు తిప్పుకుంది. "లాండ్రీ గదిలో జనం. ఆ సెక్యూరిటీ ఆయన ప్రాణం తోడేసి, ఒక్క పావుగంట అని స్టోరు తీయించా. నాది మాడి మచ్చలు పడిపోయింది కదా, పక్కనే ఎవరిదో మెరిసిపోతూ కనబడింది. ఒక్కసారి వాడితే అరిగిపోతుందా అని తెచ్చా. నాదానికంటే బరువు కూడాను. మా అమ్మాయికి చెప్పకండి."

ఎన్ని క్యాబిన్‌లు వెతికినా దొరకదు. ఎందుకు దొరుకుతుంది? రూల్ ప్రకారం సెక్యూరిటీ వాళ్ళే చేతులారా తీసుకెళ్ళి ఇంజన్ పక్కన పెట్టి, ఇనప తలుపేసి తాళం వేశారు. ముఠా చెయ్యాల్సిందల్లా నిషిద్ధ వస్తువు తెచ్చి టోకెన్ పుచ్చుకోవడమే.

పిల్లి వంగి చెవి పెట్టాడు. లోపల టిక్, టిక్.

ప్లగ్గు తీస్తే పేలుతుందేమో. తీయకపోయినా పేలుతుంది. "అమ్మ తప్ప నాకెవరున్నారండీ" అన్న మాట గుర్తొచ్చి, కళ్ళు గట్టిగా మూసుకుని పీకేశాడు. ఏమీ కాలేదు. పెట్టె ఎత్తి గుండెకు హత్తుకుని పరుగందుకున్నాడు.

"అల్లుడుగారూ, వైరు కాళ్ళకు తగులుతుంది," అంటూ అత్తగారు వెంటబడింది.

మెట్ల మలుపులో ముత్యం ఎదురైంది, చేతిలో మడతపెట్టిన తువ్వాళ్ళతో. పెట్టెను చూసింది. ఆ అందమైన ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"అదెక్కడిది?" అంది.

పిల్లి ఆగాడు. ఇస్త్రీ పెట్టెను చూసి ఎవరైనా రూల్ గుర్తుచేస్తారు, లేదా నవ్వుతారు. ఇలా పాలిపోరు. వంటగది, థియేటర్, పంపుల గది... తనను ఓడంతా తిప్పింది ఇందుకా?

"మీకు తెలుసు ఇదేమిటో," అన్నాడు.

తువ్వాళ్ళ కిందనుంచి పిస్టల్ గొట్టం బయటికొచ్చింది. "తీసుకెళ్ళి ఎక్కడిదక్కడ పెట్టెయ్. నేను దిగిపోవడానికి బోటు వస్తుంది. కాల్చమంటావా?"

వెనకాల అత్తగారి అడుగుల చప్పుడు దగ్గరవుతోంది. పిల్లికి ఒక్కటే తోచింది. "మీ వస్తువు మీరే పెట్టుకోండి," అని పెట్టెను ఆవిడ చేతుల్లోకి పెట్టబోయాడు.

ముత్యం కెవ్వుమంది. తువ్వాళ్ళు, పిస్టల్ కింద పడేసి, తన ముత్యాల పోగు ఒకటి ఊడిపోతున్నా చూసుకోకుండా మెట్లు దిగి పారిపోయింది.

"తువ్వాళ్ళు ఇలా పడేసి పోతుందేమిటి ఆ పిల్ల?" అంది అత్తగారు, ఒగరుస్తూ వంగి ఏరబోతూ.

"ముట్టుకోకండి, ఇక్కడే కూర్చోండి అత్తయ్యా, మీకు దణ్ణం పెడతా," అని పిల్లి పైకి పరిగెత్తాడు.

పైడెక్ మీద జనం విందు బట్టల్లో ఫొటోలు తీసుకుంటున్నారు. రెయిలింగ్ మీద పెద్ద అక్షరాల బోర్డు: సముద్రంలోకి ఏ వస్తువూ విసరరాదు. కింద సముద్రం, అంత ఎత్తునుంచి, ఎటు చూసినా. పిల్లికి కళ్ళు తిరిగాయి. దగ్గర్లో పడేస్తే ఓడకే తగులుతుంది. దూరంగా విసరాలంటే రెయిలింగ్ ఎక్కాలి. టిక్కుల మధ్య ఎడం తగ్గుతోంది.

ఎక్కాడు. వైరు పట్టుకుని పెట్టెను గిరగిరా తిప్పాడు. "ఏయ్, రూల్ తెలీదా?" అని ఎవరో అరిచారు. వదిలేశాడు.

నీళ్ళను తాకీ తాకకముందే పేలింది. ఓడ ఒక్క ఊపు ఊగింది. నీటి స్తంభం లేచి, డెక్ మీద ఉన్న మంచి బట్టలన్నింటినీ తడిపేసింది. పిల్లి రెయిలింగ్‌ను కావలించుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అలారం మోగకుండానే లైఫ్ జాకెట్ తొడుక్కుని, బోటు తాళ్ళు విప్పుతున్న మనిషిని సెక్యూరిటీ వాళ్ళు అప్పుడే పట్టుకున్నారు. ఒక చెవికే పోగుంది.

కెప్టెన్ పిల్లిని తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "మీరెవరో మీ బాస్ ఫోన్‌లో చెప్పాడు. మీకు చేతులెత్తి మొక్కాలి. కానీ మీరు విసరడం అందరూ చూశారు. సముద్రంలోకి వస్తువులు విసిరిన ప్రయాణికుణ్ణి తర్వాతి రేవులో దింపెయ్యాలి, అది పాలసీ. దింపకపోతే ఎందుకు దింపలేదో చెప్పాల్సొస్తుంది. అది విన్నాక ఎవరూ ఓడలు ఎక్కరు. ఏం చెయ్యమంటారు?"

"నేల ఎక్కడుంటే అక్కడ దింపెయ్యండి," అన్నాడు పిల్లి మనస్ఫూర్తిగా.

మర్నాడు ఇద్దరూ ముక్కూముఖం తెలీని రేవులో బ్యాగులు పట్టుకుని నిలబడ్డారు. ఓడ కూత పెట్టి వెళ్ళిపోతోంది. పై అంతస్తునుంచి ఒక ముసలాయన వాళ్ళకు చాలాసేపు చెయ్యి ఊపాడు. పిల్లి ఇంటికి ఫోన్ చేసి, మీ అమ్మ క్షేమం, ఇదిగో పక్కనే ఉంది అన్నాడు.

అత్తగారు బ్యాగు తెరిచి, టోకెన్ ఇచ్చి తెచ్చుకున్న తన మాడిన ఇస్త్రీ పెట్టెను ఒకసారి తడిమి చూసుకుంది. అయినా ముఖం విప్పలేదు.

"ఏమో అల్లుడుగారూ, పరాయివాళ్ళ సొత్తు అలా సముద్రంలో పారేస్తారా? రేపు వాళ్ళు వచ్చి అడిగితే ఏం సమాధానం చెబుతాం?"

"వాళ్ళు అడగరు అత్తయ్యా," అన్నాడు పిల్లి, ఆవిడ బ్యాగు భుజానికెత్తుకుని. "అది వేడెక్కదని వాళ్ళకూ తెలుసు."