లైను ముందు నాలుగు గీతలు

పని చేతకాకపోతే పనిముట్టుని తిట్టే జబ్బు నాకు చిన్నప్పటినుంచీ ఉంది. ఆడలేక మద్దెల ఓడు అంటారే, ఆ బాపతు. ఆ రోజు నా నోట పడింది ఒక కీబోర్డు.

మా అక్క మొగుడు, అంటే మా బావ, ఒక కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. పెద్ద రేకుల షెడ్డు. లోపల పొడుగాటి నడవా, నడవాకి ఒకే వైపు వరసగా చలిగదులు, ఈ చివర అద్దాల గదిలో ఆఫీసు. పట్టపగలు కూడా నడవాలో లైట్లు వెయ్యాల్సిందే. తడిసిన అట్టపెట్టెల వాసన, దాని వెనకే సన్నగా చేపల వాసన, ఎప్పుడూ ఆగని మోటార్ల రొద. గదుల తాళాలు, చలి, గంటలు, అన్నిటినీ ఆఫీసులో ఉన్న ఒక్క కంప్యూటరే నడిపిస్తుంది. దాని ప్రోగ్రాములో కొన్ని మార్పులు కావాల్సొచ్చాయి. "మా బామ్మర్ది ఉన్నాడు సార్. కంప్యూటర్ చెవి మెలేసి పని చేయిస్తాడు," అని బావ వాళ్ళ ఓనరు దగ్గర నన్ను ఆకాశానికెత్తేశాడు. ఎత్తినవాడి పరువు కాపాడాలిగా మరి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పనిలో కూర్చున్నాను. బయట వాన పడుతోంది. ఓనరు నా వెనకే కుర్చీ వేసుకున్నాడు. పెద్ద మనిషి, పెద్ద పొట్ట, దేనికైనా "ఇదెంతసేపు బాబూ?" అనే రకం.

ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఒక అలవాటుంది. ఒక లైను కాసేపు పనిచెయ్యకూడదనుకుంటే దాన్ని చెరిపెయ్యం. దాని ముందు రెండు ఏటవాలు గీతలు పెడతాం. దాన్నే కామెంట్ చెయ్యడం అంటాం. లైను అక్కడే ఉంటుంది, మన కంటికి కనబడుతూనే ఉంటుంది. కంప్యూటరు మాత్రం దాన్ని లేనట్టే దాటుకుని పోతుంది. ఆ గీతలు పెట్టడానికీ, తియ్యడానికీ ఒకటే షార్ట్‌కట్. కంట్రోల్ పట్టుకుని స్లాష్ నొక్కడమే. నిద్రలో లేపి అడిగినా నా వేళ్ళు అటే పోతాయి. ఇక్కడ నొక్కితే మాత్రం ఏమీ కాలేదు. ఆ కీబోర్డు వేరే ఏదో దేశంలో అమ్మే రకంట. గీత ఉండాల్సిన చోట ఇంకేదో అక్షరం ఉంది. నేను నొక్కుతున్నాను, అది నన్ను పట్టించుకోవట్లేదు.

"ఏరా, చెవి దొరకలేదా?" అన్నాడు బావ గుమ్మంలోంచి, నవ్వాపుకుంటూ.

"మీ కీబోర్డుకి చెవుల్లేవు బావా. చెవుడు మాత్రం ఉంది."

బావ నవ్వాడు. ఓనరు నవ్వలేదు.

అప్పుడే గంట మోగింది.

మూడో గది గంట అది. లోపల చిక్కుకుపోయినవాళ్ళు నొక్కడానికి ప్రతి గదిలోనూ గోడకి ఒక బటన్ ఉంటుంది. నొక్కితే ఆఫీసులో గంట మోగుతుంది, తలుపు తాళం దానంతటదే ఊడుతుంది. ఆ రెండు పనులూ ప్రోగ్రాములో ఒకే లైను. బయటి నుంచి లాగితే తలుపు ఎప్పుడైనా వస్తుంది గానీ, లోపలి వైపు పిడి మంచు పట్టి ఎప్పుడో బిగుసుకుపోయింది కాబట్టి లోపలున్నవాళ్ళకి ఆ బటనే దిక్కు.

బావా నేనూ పరుగున వెళ్ళాం. తలుపు లాగాను. తెల్లటి ఆవిరి ముఖాన కొట్టింది. పెట్టెలు, వాటి మీద మంచు, గోడకి బటన్. మనిషి జాడ లేదు. "ఎవరన్నా ఉన్నారా?" అని కేకేశాను. అన్ని మూలలూ చూశాను, ఒట్టు. బావ నా పక్కనే నిలబడి భుజాలు ఎగరేశాడు.

"ఎవ్వరూ లేరు బావా," అని తలుపు మూసేశాను.

ఆఫీసులో అడుగు పెట్టామో లేదో మళ్ళీ మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. గబగబా కాదు... ఓపిగ్గా. ఒకసారి నొక్కి, ఎవరైనా వస్తున్నారేమోనని విని, మళ్ళీ నొక్కినట్టు. నా మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆ ముక్క బావ ముందు ఒప్పుకుంటానా? "వైర్లలో ఏదో తేడా. ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి," అన్నాను పెద్ద తెలిసినవాడిలా.

"వాడు రేపు గానీ రాడు. అందాకా ఆ గోల ఆపు బాబూ, తల పగిలిపోతోంది," అన్నాడు ఓనరు.

"గంట ఆపకురా," అన్నాడు బావ. "సాయంత్రం సరుకు చూడ్డానికి నేను లోపలికెళ్ళాలి."

"కాసేపే బావా. నా పనవగానే మళ్ళీ పెట్టేస్తా."

మూడో గది లైను దొరికింది. ఆ కీబోర్డులో గీత ఎక్కడో ఒక చోట ఉండకపోదు. వెతికి, చేత్తో రెండు గీతలు కొడితే అయిపోయేది. కానీ వెనకాల ఓనరు చూస్తున్నాడు. చెవి మెలేసేవాడు అక్షరాలు వెతుక్కోవడమేంటి, నామోషీ కాదూ? అందుకని షార్ట్‌కట్లు మార్చుకునే పేజీ తెరిచాను. "ఇలాంటి కీబోర్డులకి మందు ఇదీ సార్," అని కోతలు కోస్తూనే ఉన్నాను. ఆ పేజీలో ఒకదాని కింద ఒకటి, చూడ్డానికి కవలల్లాంటి రెండు ఆజ్ఞలున్నాయి. మొదటిది గీతలు లేకపోతే పెడుతుంది, ఉంటే తీసేస్తుంది. రెండోదానికి పెట్టడమే తెలుసు, తియ్యడం తెలీదు. మాటల్లో పడి నేను రెండోదానికి కీబోర్డు పై వరసలో ఉన్న ఎఫ్ తొమ్మిది మీటని కట్టాను. నొక్కాను. లైను ముందు రెండు గీతలు పడ్డాయి. సేవ్ చేశాను.

గంట సగంలో తెగిపోయింది. ఎవరో ఏదో చెబుతుంటే నోరు మూసేసినట్టయింది.

"భలే!" అన్నాడు ఓనరు. నేను పొంగిపోయాను.

నా పని పూర్తయ్యేసరికి అద్దాల అవతల వెలుతురు తగ్గిపోతోంది. బావ మందపాటి కోటు వేసుకుంటూ వచ్చాడు.

"గంట మళ్ళీ పెట్టావా?"

ఎఫ్ తొమ్మిది నొక్కాను. లైను కదిలింది. సేవ్ చేసి విండో మూసేశాను. "పెట్టాను బావా."

"ఒకసారి చూసుకోరా..."

"పెట్టానన్నానా! ఈ పని నీకు తెలుసా, నాకు తెలుసా?"

ఓనరు ముందే అలా అనేశాను. బావ ముఖం చిన్నబోయింది. "సరే నాయనా, నీకే తెలుసు," అని నడవాలోకి వెళ్ళిపోయాడు.

కాఫీలొచ్చాయి. ఓనరు తన ఇంకో షెడ్డు గురించి ఎత్తాడు. అక్కడ కూడా నేనే చూసిపెట్టాలట. నేను కాలు మీద కాలేసుకుని ఏవేవో చెప్పేస్తున్నాను. ఆ కబుర్లలోనే రెండోసారి కాఫీలు కూడా వచ్చాయి. మధ్యలో కన్ను స్క్రీను మీద పడింది. మూడో గది పక్కన ఎర్ర చుక్క వెలిగింది. లోపల బటన్ నొక్కారని గుర్తు అది. ఆరింది. మళ్ళీ వెలిగింది.

గంట మాత్రం మోగట్లేదు.

కాఫీ తాగుతూనే, ఏమీ ఎరగనట్టు ప్రోగ్రాము తెరిచాను. మూడో గది లైను ముందు... నాలుగు గీతలు. సంగతి అర్థమైపోయింది. తీశాననుకున్నవాణ్ణి ఇంకో రెండు పెట్టాను. చెవుల దాకా వేడెక్కిపోయింది.

ఇప్పుడు దిద్దితే ఓనరు చూస్తాడు. "ఇదేంటి బాబూ, అది పెట్టేశానన్నావుగా?" అంటాడు. బావ ఎత్తిన ఆకాశం నుంచి ఢామ్మని పడతాను. అయినా ఆ గది సంగతి మధ్యాహ్నమే తేలిపోయింది కదా, వైర్ల తేడా అని. అదే అయ్యుంటుంది... ఇలా అనుకుని నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు. ఆ ఎర్ర చుక్క ఆయనకి కనబడకుండా, దాని మీదకి ఇంకో విండో జరిపాను. ఆయన కాఫీ తాగి లేస్తే అప్పుడు చూసుకోవచ్చని కూర్చున్నాను.

ఓనరు ఒక్కో గుక్కా చప్పరిస్తూ తాగుతున్నాడు. నేను నవ్వుతూ వింటున్నాను. విండో వెనకాల అది వెలుగుతూ ఆరుతూనే ఉందని నాకు తెలుసు.

"అవునూ, మీ బావగారు ఇంకా రాలేదేం?" అన్నాడు చివరికి.

కప్పు ఎక్కడ పడిందో తెలీదు. నడవాలో పరిగెత్తాను.

తలుపు లాగితే బావ గోడకి ఆనుకుని కూలబడి ఉన్నాడు. చెయ్యి మాత్రం పైకే ఉంది. బొటనవేలు బటన్‌కి అతుక్కుపోయింది. కనురెప్పల మీద మంచు. నా చొక్కా విప్పి కప్పాను, ఒళ్ళోకి లాక్కున్నాను. పెదాలు కదిలాయి. చెవి పెట్టి విన్నాను.

"ఇందాక... వచ్చావుగా..."

"లేదు బావా... ఇప్పుడేగా వచ్చింది..."

"వచ్చావు. తలుపు తీశావు. నేను పిలుస్తూనే ఉన్నాను... నా ముఖంలోకి చూసి... ఎవ్వరూ లేరన్నావు."

మంచు పట్టిన ఆ చేతిని నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను.

"నీ పక్కన... నిలబడ్డాడే..." బావ గొంతు సన్నబడిపోయింది. "ఎవర్రా వాడు? అచ్చు నాలాగే ఉన్నాడు..."

ఆ మాటతో కళ్ళు మూసుకున్నాడు.

హాస్పిటల్లో అక్క నా రెండు చేతులూ పట్టుకుంది. మెలకువ వస్తే గానీ ఏమీ చెప్పలేమన్నారు డాక్టర్లు. "నువ్వక్కడ ఉండబట్టి ఆయన ఈమాత్రమైనా దక్కాడు తమ్ముడూ. లేకపోతే నా గతేంటిరా?" అని నా చేతుల మీదే ఏడ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది. చెప్పేద్దామని నోరు తెరిచాను. మింగలేక కక్కలేక, "ఊరుకో అక్కా," అన్నాను. అంతే అన్నాను. చీ, ఏం బతుకు నాది!

పొద్దున ఓనరు రమ్మని కబురు పెట్టాడు. వెళ్ళేసరికి ఎలక్ట్రీషియన్ని నిలబెట్టి కడిగేస్తున్నాడు. "నీ వైర్ల వల్ల మనిషి ప్రాణం మీదికొచ్చింది! ఏం చూస్తావయ్యా నువ్వు?" ఎలక్ట్రీషియన్ నెరిసిన తల వంచుకుని, "మొన్ననే అన్నీ చూశాను సార్... బాగానే ఉన్నాయి సార్," అని గొణుగుతున్నాడు.

నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఏ షార్ట్‌కట్టూ ముట్టుకోలేదు. నాలుగు గీతల్నీ ఒక్కొక్కటిగా చెరిపాను. లైనుని పైకి చదువుకున్నాను. సేవ్ చేశాను.

వెంటనే గంట మోగింది. మూడో గది.

ముగ్గురం ముఖాలు చూసుకున్నాం. షెడ్డులో ఉన్నది ముగ్గురమే. గంట ఆగి, మళ్ళీ మోగింది. ఓపిగ్గా.

"మళ్ళీ మొదలైంది! ఆపు బాబూ దాన్ని," అన్నాడు ఓనరు.

"ఆపను సార్." నా గొంతు నాకే వింతగా ఉంది. "నిన్న ఆపింది నేనే. మళ్ళీ పెట్టానని చెప్పాను గానీ పెట్టలేదు. చుక్క వెలుగుతుంటే మీరు చూస్తే పరువు పోతుందని దాని మీద విండో కప్పాను. మా బావ నొక్కుతుంటే నేను కాఫీ తాగాను. ఈయన్నేమీ అనకండి."

వాళ్ళ ముఖాలు చూసే ధైర్యం లేక నడవాలోకి నడిచాను. ఇద్దరూ నా వెనకే వచ్చారు. తలుపు లాగాను. ఆవిరి. పెట్టెలు. మంచు. ఎవ్వరూ లేరు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళ కింద నొక్కేశాను. తలుపుకి వీపు ఆనించి, దారి వదిలి, సిగ్గుతో చచ్చిపోతూ, ఖాళీ గదితో అన్నాను.

"బయటికి రండి."

గంట ఆగిపోయింది.

నా పక్కనుంచి చలి ఒకటి దాటింది. "ఏయ్, నిదానం..." అన్నాడు ఓనరు, ఎవరో భుజం తగిలించినట్టు గోడకి జరిగి. మళ్ళీ జరిగాడు. పొట్ట లోపలికి పీల్చుకుని దారిచ్చాడు. మళ్ళీ... మళ్ళీ... ఎలక్ట్రీషియన్ అప్పటికే గోడకి అతుక్కుపోయి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నాకేమీ కనబడట్లేదు. తడి వాసన మాత్రం నా ముందునుంచి ఆఫీసు వైపు పోతూనే ఉంది. ఇన్నాళ్ళుగా ఆ గదిలో ఎంతమంది నొక్కారో, ఎవరి గంట ఎవరు ఆపారో...

చాలాసేపటికి ఓనరు కదలడం ఆగింది. అయిపోయిందనుకుని తలుపు వదలబోయాను.

"ఉండు బాబూ," అన్నాడు గుసగుసగా. "ఇంకా ఒకాయన ఉన్నాడు. గుమ్మం దగ్గరే... నీ ఎదురుగా."

"ఎవరు సార్?"

ఆయన గుమ్మంకేసి మళ్ళీ ఒకసారి చూశాడు.

"మీ బావగారు... హాస్పిటల్లోనే ఉన్నారు కదా?"

నా ఎదురుగా ఖాళీ. ముఖానికి మాత్రం చల్లటి ఊపిరి తగులుతోంది. ఆగి... ఆగి.

"ఏమంటున్నాడు సార్?"

"ఏమీ అనట్లేదు. నీకేసే చూస్తున్నాడు. బయటికి మాత్రం... రావట్లేదు."

నేను తల దించుకుని, తలుపు పట్టుకుని నిలబడ్డాను.