లారీ నూనె

పడవ వచ్చి రేవు చెక్కలకి ధన్‌మని గుద్దుకుంటుంది!

రేవులో పెట్రోలు అమ్మే ఎనేయిడ చేతిలోంచి గరాటు జారిపోతుంది.

పడవలోంచి ఒకడు దూకుతాడు. చేతిలో తుపాకీ. రొయ్యల గోదాము దోచి, కాపలావాణ్ణి కాల్చి చంపినవాడు... పొద్దుట్నుంచీ రేడియో మోగుతున్నది వీడి గురించే.

"ట్యాంకు నింపు. నూనె కలుపు. వెనకాల గస్తీ పడవ వస్తోంది."

పాత టూ స్ట్రోక్ ఇంజిన్. నూనె పెట్రోల్లోనే కలవాలి. అరమీద రెండు డబ్బాలు. ఒకటి పడవ ఇంజిన్లకని చేసిన నీలం నూనె. ఇంకోటి లారీ నూనె.

ఎనేయిడ లారీ నూనె తీసి, పెట్రోల్లో కలిపి ట్యాంకులో పోస్తుంది.

జాలర్లకి ఆమె రోజూ చెప్పే మాటే... లారీ నూనె పోస్తే ప్లగ్గులకి మసి పట్టి ఇంజిన్ ఆగి చస్తుంది. చావనీ! గస్తీవాళ్లకి దొరుకుతాడు.

"అక్కా, ఎవరొచ్చారే?" అంటూ తమ్ముడు ఆర్సేసియో గుడిసెలోంచి బయటికొస్తాడు.

తుపాకీ అటు తిరుగుతుంది.

"ఒరేయ్, ఎక్కు. ఈ పాయలు నాకు తెలీవు. నువ్వు నడుపు."

ఆర్సేసియో ఎక్కుతాడు. పడవ తెల్లటి పొగ కక్కుతూ మడచెట్ల మధ్యకి పోతుంది.

ఇంజిన్ ఆగితే వాడు తమ్ముణ్ణి బతకనివ్వడు!

నీలం డబ్బా చంకన పెట్టుకుని తన పడవలోకి దూకుతుంది. ఇంజిన్ తాడు లాగుతుంది. మలుపు... ఇంకో మలుపు...

ముందు వినిపిస్తున్న చప్పుడు ఆగిపోయింది.

పాయ నడుమ పడవ ఊరికే తేలుతోంది. ఆర్సేసియో మెడకి తుపాకీ.

ఎనేయిడ పక్కకి చేర్చి ఇంజిన్ ఆపుతుంది.

"వాణ్ణేం చెయ్యకు బాబూ. నూనె తప్పు పోసింది నేను. నా పడవ తీసుకో. దీంట్లో మంచి నూనే ఉంది."

వాడు ఆమెని తమ్ముడున్న పడవలోకి తోసి, దోచిన డబ్బు సంచితో ఆమె పడవలోకి దూకుతాడు.

ఎనేయిడ తమ్ముణ్ణి వాటేసుకుంటుంది. అమ్మయ్య... దక్కాడు.

ఆర్సేసియో ముఖం పాలిపోయి ఉంది. ఆమె చెవిలో అంటాడు.

"ఎందుకొచ్చావక్కా? నీకు చెప్తే తిడతావని చెప్పలేదు. మన పడవ ఏడాదిగా లారీ నూనెతోనే నడుస్తోంది. ఏమీ కాదు. ఇంజిన్ ఆపింది నేనే... గస్తీవాళ్లు అందుకోవాలని..."

గాలి లేదు. నీళ్లమీద గుసగుసైనా దాగదు.

తాడు లాగబోతున్న వాడి చెయ్యి ఆగుతుంది.

"ఆపింది నువ్వా?"

ఢాం!

ఎనేయిడ చేతుల్లో తమ్ముడు బరువెక్కుతాడు.