కాలర్ సర్దిన చెయ్యి

లాయరమ్మ తన ఆఫీసులో లేదు... కింద, అక్క లాండ్రీలోనే కూర్చుంది!

మేడమీద చెల్లెలు చటుక్కున నేలవైపు చూస్తుంది.

డ్రయ్యర్ బజర్ ఇప్పుడే మోగింది. కాళ్ళ కింద నుంచి ఒకసారి. లాయరమ్మ వీడియో కాల్‌లోంచి ఒకసారి!

లాయరమ్మ కింద ఉందంటే... పక్కన అక్క కూడా ఉన్నట్టే!

మేడమీది స్టోర్‌రూమ్. దుప్పట్ల మూటల మధ్య ఒక కుర్చీ. అందులో వ్యాన్ డ్రైవర్. లాండ్రీ కొంటున్నది అతనే... పేరుకి.

డబ్బు మాత్రం చెల్లెలిది. అక్కకి తెలియకూడదు!

"గుర్తింపు కార్డు మొహం పక్కన పెట్టండి," అంటోంది వీడియోలో లాయరమ్మ. "తల ఎడమకి... ఇప్పుడు కుడికి. సరే. డబ్బు మీదేనా?"

"నాదేనండీ."

"వ్యాన్ తోలి లాండ్రీ కొంటున్నారా? మా బావగారూ వ్యానే తోల్తారు. సైకిల్ కొనడానికే కిందామీదా పడుతున్నారు!"

డ్రైవర్ తల తిప్పుతాడు. కళ్ళు పక్కకి... జవాబు అందిస్తున్న చెల్లెలి పెదాలవైపు.

"అటెవరున్నారు? చూడండి, వ్యాపారం చేతులు మారేటప్పుడు నల్లడబ్బు చెకింగ్ తప్పదు. మీ వెనక అసలు మనిషెవరో తేలాలి. తేలకపోతే సంతకాల్లేవు."

"ఎవరూ లేరండీ!"

గింజుకుంటుంటే అతని కాలర్ ఒకవైపు మడత పడింది.

చెల్లెలి చెయ్యి దానంతటదే ముందుకెళ్తుంది. బొటనవేలితో కాలర్ కొస నొక్కి సర్దుతుంది. ఇస్త్రీ ఎప్పుడూ కాలర్‌తోనే మొదలని అక్క నేర్పిన పద్ధతి...

అయ్యో!

"ఆగండాగండి," ఫోన్‌లో అక్క గొంతు. "ఆ చెయ్యి... మా చెల్లిది!"

మెట్ల మీద అడుగులు!

"పద, వెనక మెట్లు!"

"నువ్వు చావు తల్లీ, నాకు పెళ్ళాం పిల్లలున్నారు!" డ్రైవర్ ఆమెను తోసేసి దూకుతాడు.

ఆమె పరుగు. ఇనప మెట్లు. ఆవిరి. బాయిలర్ గది. అవతల తలుపు... ఆ తలుపు దాటితే వీధి!

తలుపు దగ్గర అక్క!

కుడిచేతికి కట్టు. పోయిన నెల బాయిలర్ పేలి కాలింది. ఆ భయంతోనే లాండ్రీ అమ్ముతోంది.

ఆ కట్టు చూసి కూడా అందరూ అక్కనే పొగిడారు. ఎంత గుండెధైర్యమమ్మా అని!

ఇన్నేళ్ళు అదే ఆవిరిలో చెల్లెలూ ఉడికింది. ఒక్కరైనా పేరడిగారా? అక్కగారి చెల్లెలు... అంతే!

వెనక నుంచి ఆయాసపడుతూ లాయరమ్మ. "డ్రైవర్ దొరికాడు. గేటు దగ్గర పనివాళ్ళు పట్టుకున్నారు."

అక్క దగ్గరికొస్తుంది. "వాడు నిన్ను బెదిరించాడు కదే? బాయిలర్ కూడా వాడి పనే అయ్యుంటుంది. నీకంత తెలివెక్కడిది, పిచ్చిమొహమా! ఏడవకు. నేనున్నాగా."

"అంతేనామ్మా?" లాయరమ్మ అడుగుతుంది. "అవునంటే పోలీసులకి అదే చెప్తాను. మీకేం కాదు."

తల ఊపితే చాలు. బయటపడొచ్చు!

అక్క ఎడమచేత్తో ఆమె కన్నీళ్ళు తుడుస్తోంది.

ఇప్పుడు కూడా అక్కే మంచిది. ఇప్పుడు కూడా!

చెల్లెలు ఆ చేతిని విసిరికొడుతుంది.

"వాడి మొహం! వాడికేం తెలుసు? ఆవిరి బయటికి పోకుండా సేఫ్టీ వాల్వ్ బిగించింది నేను! రోజూ గల్లాలోంచి కొంచెం కొంచెం లాగింది నేను! నువ్వు హడలిపోయి అమ్మేస్తే వాడి పేరున కొందామని... మొత్తం నా తెలివే! చెప్పండి లాయరమ్మా, పోలీసులకి చెప్పండి. ఈవిడ చెల్లెలని కాదు... నా పేరు చెప్పండి!"